దాటిపోయిన వయసు

“పోయినోడు తిరిగొచ్చే వరకు ఉన్నోడు ముసలోడైతడు. పోయినోడు పడుచోడే ఉంటడు,” అంటూ జైపాల్ బోర్డు మీద రాకెట్ బొమ్మ గీశాడు.

జగిత్యాలలో జైపాల్ పాఠం చెప్పే ట్యుటోరియల్ మేడమీది రేకుల గదిలో నడుస్తుంది. కింద చౌరస్తాలో తెలంగాణ కోసం కూర్చున్న దీక్షా శిబిరం మైకు పగలంతా మోగుతూనే ఉంటుంది. ఆ మోతలో, వెలుగుతో దాదాపు సమానంగా పరుగెత్తేవాడికి కాలం నెమ్మదిగా నడుస్తుందని చెప్తే పిల్లల బుర్రకెక్కడం కష్టం. అందుకే జైపాల్ పుస్తకంలోని ఉదాహరణ పక్కన పెట్టి, ఏటా తన సొంతది చెప్తాడు. మల్లాపూర్‌లో ఇద్దరు దోస్తులు. ఒకడు రాకెట్ ఎక్కాడు, ఇంకొకడు పసుపు చేనులోనే ఉండిపోయాడు. రాకెట్‌లో రెండేళ్లు గడిచేలోగా చేనులో ఇరవై ఏళ్లు గడిచాయి. వెళ్లినవాడు మీసం దువ్వుకుంటూ దిగితే, ఉన్నవాడు కర్ర పొడుచుకుంటూ ఎదురొచ్చాడు.

ముందు బల్లలోంచి శ్వేత లేచింది. “సార్, గట్లయితే నౌకరికి సర్కారు ఏ వయసు చూస్తది? ఒంటిదా, సర్టిఫికెట్‌దా?”

క్లాసంతా గొల్లుమంది. జైపాల్‌కు మాత్రం నవ్వు రాలేదు. “సర్టిఫికెట్‌దే” అని పాఠం అక్కడితో ఆపేశాడు.

ఆ పొద్దున్నే పేపర్లో గ్రూప్ ఉద్యోగాల ప్రకటన పడింది. ఎమ్మెస్సీ అయిన దగ్గర్నుంచి అతను దాని కోసమే కాచుక్కూర్చున్నాడు. చిన్ననాటి స్నేహితుడు రమేశ్ దుబాయి వీసా తెస్తానంటే వద్దన్నాడు. వెనుకటిసారి పరీక్ష పెట్టినప్పుడు, రాష్ట్రం వచ్చాకే రాద్దామని పరీక్ష కేంద్రం ముందు బైఠాయించి, హాల్‌టికెట్ చింపినవాళ్లలో మొదటివాడు తనే. రాష్ట్రం రాలేదు. పరీక్ష వాయిదా మీద వాయిదా పడింది. వాయిదా పడనిది అతని వయసొక్కటే.

క్లాసు కాగానే కోరుట్ల బస్సెక్కాడు. చెల్లెలు వనిత తల్లి ముత్తమ్మతో అక్కడే ఉంటూ బీడీలు చుడుతుంది. అన్న ప్రతి ఆదివారం వచ్చి చదువు చెప్తే, చుట్టిన బీడీలు పక్కన పెట్టి చదివి, దూరవిద్యలో డిగ్రీ తెచ్చుకుంది. ఇద్దరూ కలిసి బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లారు.

సెంటర్ నడిపే ప్రకాశ్ మొదట జైపాల్ వివరాలు కంప్యూటర్‌లో కొట్టాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ కొట్టినా అవే వచ్చాయి.

“వయసు దాటిందంటున్నది సార్. పుట్టిన తారీకు ఏమన్న తప్పువడ్డదా?”

“లేదు. నాది సరిగ్గనే ఉన్నది.”

వనిత వివరాలు మాత్రం అడ్డులేకుండా వెళ్లాయి. ప్రకాశ్ ఆమె చెవుల దగ్గరి తెల్ల వెంట్రుకల వైపు చూసి, “నీకింక దగ్గరదగ్గర మూడేండ్ల టైమున్నదక్కా. సూస్తే నమ్మబుద్ధి గాదు,” అన్నాడు.

“తంబాకుల కూసుంటే గంతే తమ్ముడూ,” అని వనిత తలమీద కొంగు సర్దుకుంది. అంతలోనే లేచి నిలబడింది. “అన్నా, నేను ఫీజు కట్ట. సదువంత నీది. నీ నోటికాడి కూడు నేనెట్ల గుంజుకుంట?”

“కూసో. ఇంట్ల ఒక్కలకన్న రావాలె,” అన్నాడు జైపాల్.

దరఖాస్తు పూర్తయ్యేదాకా అతను బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఎందుకో చిన్నప్పటి బీర్పూర్ బడి గుర్తొచ్చింది. అక్కడి పెద్దసారు దగ్గర బడికొచ్చే కూలీల పిల్లలందరికీ ఒకటే పరీక్ష. కుడిచేయి తల మీదుగా వెళ్లి ఎడమ చెవిని పట్టుకుంటే ఐదేళ్లు నిండినట్టు. తండ్రి యోహాను ఇద్దరినీ తీసుకెళ్లి నిలబెట్టాడు. జైపాల్ చెవి పట్టుకున్నాడు. వనిత మెడ వంచి, మునివేళ్ల మీద లేచి ఎంత సాగినా చేయి అందలేదు. ఏడుస్తూ ఇంటికి పోయి దొర మేకలు కాయడానికి కుదిరింది. మూడేళ్ల తర్వాత మళ్లీ బడికొచ్చేసరికి యోహాను లేడు. ఈసారి చేయి అందింది. ముత్తమ్మకు తారీఖు చెప్పరాక, ఐదేళ్లు నిండినట్టు పెద్దసారే ఒకటి వేసేశాడు. జైపాల్ మాత్రం ఆ మూడేళ్లలో మూడు క్లాసులు దాటి, ఊరంతా మెచ్చుకునేంత వేగంగా పరుగెత్తుతున్నాడు.

ఇంటికెళ్లాక, సంగతి వినగానే ముత్తమ్మ బీడీల చాట పక్కకు తోసేసింది. ఎవరినో ఒకరిని తిట్టాలని చూసింది. పెద్దసారును తిడదామంటే ఆయన ఎప్పుడో పోయాడు. సర్కారును తిడదామంటే అది ఇంటికొచ్చి వినేది కాదు.

“ఇగ నీకు ఎన్నటికి రాదా కొడుకా?” అని అడిగింది.

“రాదవ్వా.”

“రాష్ట్రమొచ్చినా?”

“వచ్చినా రాదు.”

ఆ మాట తన నోటితో తానే అన్నాక జైపాల్ తల్లి పక్కన కూర్చున్నాడు. తెలంగాణ వస్తుందని అతనికి ఇప్పటికీ నమ్మకమే. వచ్చిన నాడు అందరితో పాటు తానూ రంగు చల్లుకుంటాడు. కానీ ఆ తెల్లారి లేచి తాను వెళ్లాల్సిన చోటు మాత్రం ఎక్కడా ఉండదు. రేపూ ఎల్లుండీ అదే రేకుల గది. గోడకానుకుని వనిత వెక్కివెక్కి ఏడుస్తోంది. ఉద్యోగం అందే దారి దొరికిన మనిషి ఏడుపులా లేదది.

ముత్తమ్మ కొడుకు తలను దగ్గరికి తీసుకుంది. “ముందుగాల పుట్టుడే నీ తప్పాయెనా కొడుకా,” అంది.

జైపాల్ వనిత కంటే పావుగంట ముందు పుట్టాడు.