రోబోకి రాసిచ్చిన పాఠం

తన ఉద్యోగానికి ఎసరు పెట్టిన రోబోని నలుగురిలో నవ్వులపాలు చేయాలని గైడమ్మ గట్టిగా నిశ్చయించుకుంది.

రోబోల మ్యూజియంలో ఆమె పద్దెనిమిదేళ్ళుగా గైడు. డైరెక్టరు దగ్గర్నుంచి టికెట్లు చింపే మనిషి దాకా అందరికీ గైడమ్మే. రోబో అనే మాట వందేళ్ళ కిందట ఒక నాటకంలో పుట్టిందనీ, దాని వేరు వెట్టిచాకిరీ అనే మాటలో ఉందనీ, ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోబోకి ఉన్నది ఒక్క చెయ్యేననీ ఆమె చెబుతుంటే వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టి వినేవారు. ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా అదే వల్లించేది. చెవుల్లో దూది పెట్టుకుంటానని భర్త బెదిరించినా ఆపేది కాదు.

పది రోజుల కిందట ఒక కంపెనీ ఇంజినీరు నిలువెత్తు రోబోని చక్రాల మీద దొర్లించుకుంటూ వచ్చాడు. ఇకమీదట మ్యూజియం చూపించే పని దానిదేనట.

"మీరు రోజూ చెప్పేదే టైపు చేసివ్వండి మేడమ్. దీనికి ఎక్కించేస్తాం. ఎక్కించింది తప్ప ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ మాట్లాడదిది" అన్నాడు.

అంటే తన గొయ్యి తనే తవ్వుకోవాలన్నమాట. గైడమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం భర్తకి చెప్పుకుని ఏడ్చింది. ఆయన కూడా అప్పుడే ఏదో కొత్త ఉద్యోగంలో చేరాడు. "రేకు డబ్బా అండీ! నా పొట్ట కొట్టడానికి వచ్చిందండీ" అనగానే తాగుతున్న నీళ్ళు పొలమారి, ఆయన చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గగానే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

ఇక తన తిప్పలు తనే పడాలనుకుని గైడమ్మ టైపు చేయడానికి కూర్చుంది. రోబో అనేది ఒక వంటవాడి ముద్దుపేరని రాసింది. మొదటి రోబో చెయ్యి పుట్టింది బద్ధకస్తుడైన ఒక రాజుగారి వీపు గోకడానికని రాసింది. చదరంగం ఆడే పాతకాలపు యంత్రం దగ్గర, లోపల మనిషెవరూ లేరని, ఆ తెలివంతా యంత్రానిదేనని రాసింది. ఎవరైనా నిలదీస్తే, "నేను సరిగ్గానే ఇచ్చానండీ, అదే కలగాపులగం చేసింది" అనడానికి సిద్ధంగా ఉంది.

శనివారం ఉదయం మ్యూజియం కమిటీ పెద్దలు ఐదుగురు వచ్చారు. వాళ్ళకి నచ్చితే సోమవారం నుంచి రోబో. లేకపోతే గైడమ్మే.

రోబో చేతులు జోడించి నమస్కారం పెట్టి, కిర్రుమంటూ మొదటి బల్ల దగ్గరికి కదిలింది. గైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడానికి తయారైంది.

"రోబో అనే మాట వందేళ్ళ కిందట ఒక నాటకంలో పుట్టింది" అంది రోబో, గరగరలాడే గొంతుతో.

కొంగు జారిపోయింది. ఆ తర్వాత కూడా రోబో ఎక్కడా తొణకలేదు. మొదటి రోబో చెయ్యి కార్ల ఫ్యాక్టరీలో మనిషి ముట్టుకోలేని వేడివేడి లోహపు అచ్చుల్ని ఎత్తిపెట్టిందని చెప్పింది. ఇప్పటి రోబోలు ఆపరేషన్లలో డాక్టర్లకి సాయపడతాయనీ, సముద్రం అడుగున వెతుకుతాయనీ, వేరే గ్రహం మీద మట్టి తవ్వుతాయనీ చెప్పింది. అంతా గైడమ్మ పాఠమే, తను రాసివ్వని పాఠం. పెద్దలు మెచ్చుకోలుగా తలలూపారు.

చివరికి చదరంగం యంత్రం దగ్గర రోబో ఆగింది. "రాజుల్ని కూడా ఓడించిన ఈ యంత్రం ఒట్టి మోసం. లోపల ఒక మనిషి ముడుచుకుని కూర్చుని ఎత్తులు వేసేవాడు. పాపం, వాడి నడుం ఏమైపోయిందో ఎవరూ అడగలేదు."

పెద్దలు పకపకా నవ్వారు. గైడమ్మ నవ్వలేదు. నడుం ముక్క ఆమె రాసిన కాగితంలోనూ లేదు, పద్దెనిమిదేళ్ళ పాఠంలోనూ లేదు.

ఎక్కించింది తప్ప మాట్లాడని యంత్రానికి నడుం నొప్పి ఎవరు ఎక్కించారు? చార్జింగ్ పేరుతో రోజూ ఒంటిగంటకి దాన్ని గదిలో పెట్టి తలుపెందుకు వేస్తున్నారు? ఒక్క ఇంజినీరుకి రెండు భోజనం క్యారియర్లెందుకు?

ఒంటిగంట కాగానే ఆమె తాళాలగుత్తి తీసుకుని డైరెక్టరునీ, కమిటీనీ వెంటబెట్టుకుని చార్జింగ్ గదికి వెళ్ళింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న ఇంజినీరు గతుక్కుమన్నాడు.

"చూడండి! ఇది రోబో కాదు, ఇంకో చదరంగం పెట్టె. మిమ్మల్నందర్నీ మోసం చేస్తున్నారు!" అంటూ గైడమ్మ రోబో వీపు మీది రేకుని ఒక్క గుంజు గుంజింది. లోపల చెమటలు కక్కుతూ ముడుచుకుని కూర్చున్న మనిషి మెల్లగా తలెత్తి చూశాడు.

"నన్ను తిట్టకే, నువ్వు రాసిచ్చినదాన్నిండా తప్పులే ఉన్నాయి, అలాగే చదివితే నలుగురిలో నీ పరువు పోతుందని భయపడి, ఇన్నేళ్ళూ మనింట్లో గిన్నెల దగ్గర విన్నదే అప్పజెప్పాను!"