పురుగు లేని అల్మార

పొద్దటి సంది ఈదమ్మ వంటింటి అల్మార ముందేసుకొని కూసుంది. పురుగు వట్టిన కందిపప్పు చెరిగి ఎండకు పోసింది. డబ్బాలు బూడిదతోని తోమి, అడుగున ఎండిన వేపాకు పరిచింది. చెక్క సందులల్ల దాగిన పురుగులను చీపురుపుల్లతోని గీకి తీసింది.

"ఇప్పుడు గిదంత ఎందుకే? జర నడుం వాల్చరాదు," అన్నడు మొగుడు భిక్షం, తలుపు కాడ నిలవడి.

"పప్పుల పురుగు జూస్తే కొత్తపిల్ల భయపడతది," అన్నది ఈదమ్మ, మొకం ఎత్తకుండనే.

భిక్షం తల దించుకున్నడు. పిల్లలు కాలేదని రేపు అచ్చంపేటల ఆయన రెండో పెండ్లి.

ఈదమ్మ అల్మార మూసి, కొంగుకున్న తాళంచెవి విప్పి ఆయన చేతిల వెట్టింది.

"ఆమెకియ్యి," అన్నది. అప్పటిదాక ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. "బండి కట్టు. ఆమె గడప తొక్కకముందే నన్ను మా తల్లిగారింట్ల దింపు."