లెబొనా మిగిల్చింది

“నేను మింగను గాక మింగను!” మాత్సెలిసో మాత్రల సీసాను నర్సు పులెంగ్ వైపు నెట్టేసింది.

పులెంగ్ తల పట్టుకుంది. మొన్న సూది వేసిన చోట ఆ పిల్ల ముంజేతి మీద చిక్కుడు గింజంత వాపు గట్టిగా తేలింది.

“మళ్లీ చెబుతా విను. ఆ సూదిలో బతికున్న క్రిమి లేదు. క్షయ క్రిముల్ని చంపి వాటిలోంచి తీసిన మందు, అంతే. దొంగ టోపీ ఒకటి మీ గొర్రెల దొడ్లో విసిరితే ఏమవుతుంది? వాడి వాసన ఎరిగిన కుక్కలైతే దాని చుట్టూ మూగి మొరుగుతాయి. ఎరగనివైతే కదలకుండా పడుకుంటాయి. నీ ఒంట్లో కుక్కలు మొరిగాయమ్మా. అంటే దొంగ వాటికి ఎరికే. లోపలే నక్కి ఉన్నాడు.”

“ఉంటే ఉండనీండి. నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. ఫొటో తీసి మీరే చెప్పారుగా, ఊపిరితిత్తులు బాగున్నాయని.”

“ఇవాళ బాగున్నాయి. కుక్కలు చుట్టూ కాపలా ఉన్నాయి కనక. కానీ వాడి ఒంటి నిండా మైనం పూత. పళ్లు దిగవు. చంపలేక కాపలా కాస్తున్నాయి. నువ్వేమో తిండి మానేసి చిక్కి సగమయ్యావు. రేపు అవి అలిసిపోతే వాడు లేస్తాడు. లెబొనాను తిన్నట్టే నిన్నూ తింటాడు!”

లెబొనా పేరు వినగానే మాత్సెలిసో కళ్లు నిండిపోయాయి. బంగారు గనిలో పనికి పోయిన మొగుడు దగ్గుతో తిరిగొచ్చి, చలికాలం దాటకుండానే కన్నుమూశాడు. ఆమె ఒంటి మీద సంతాపపు నల్లబట్టలు ఇంకా కొత్తగానే ఉన్నాయి.

“సిస్టర్, ఇది ఆయన దగ్గర్నుంచే వచ్చిందా?”

“ఇంకెక్కణ్నుంచి వస్తుంది? పక్కన పడుకుని ఆయన ఊపిరే పీల్చావాయె.”

“అయితే ఆయన ఊపిరి ఇంకా నాలో ఉందన్నమాట.” మాత్సెలిసో ఆ వాపును వేలితో మెల్లగా నిమిరింది.

మా లెసోతోలో కొత్తకోడలికి పుట్టబోయే బిడ్డ పేరుతో పేరు పెట్టేస్తారు. త్సెలిసో తల్లి కనక మాత్సెలిసో. ఆ త్సెలిసో పుట్టనే లేదు.

“బిడ్డ లేదు. ఆయన దుప్పటి కూడా ఆయనతోనే పూడ్చేశాం. రాత్రి చెయ్యి చాస్తే ఖాళీ. నాకంటూ మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా చంపుకోమంటారా? ఒక్క మనిషిని నేను రెండుసార్లు సాగనంపాలా?”

పులెంగ్ సీసాను చేతిలోకి తీసుకుంది.

పక్కన బల్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న అత్త మాలెబొనా ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

“ఓసి పిచ్చి మొహమా! అది నీ మొగుడిదనుకుంటున్నావా? అది నాదే!”

“నీదా అత్తా?”

“నాదే! వాడు గని నుంచి రాకముందే నాకు దగ్గు. చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వరని దాచాను. రోజంతా నా పక్కనే కూర్చుని సంకటి కెలికిందెవరు? నువ్వేగా! నీ ఒంట్లో కాపురం పెట్టింది నేనే. పోనీలే, మందు మింగకు. బతికున్నన్నాళ్లూ అత్తను కడుపులో పెట్టుకుని చూసుకో!”

మాత్సెలిసో ముఖం మాడిపోయింది. “ఇంట్లో పోరు చాలదని ఒంట్లో కూడానా! సిస్టర్, ఆ సీసా ఇలా ఇవ్వండి.”

మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్లు గడగడా తాగేసింది. మిగతావి శాలువా చెంగున కట్టుకుని, గుర్రాన్ని విప్పడానికి విసవిసా బయటికి నడిచింది.

పులెంగ్ ముసలమ్మ మీద విరుచుకుపడింది. “ఇన్నాళ్లు దగ్గు దాచుకుంటారా అమ్మా? మీకు బుద్ధుందా?”

“దగ్గా? నా జన్మలో ఎరగను తల్లీ. మొండిఘటం అది, ఇంకోలా చెబితే మింగుతుందా?” మాలెబొనా దుప్పటి తొలగించి చెయ్యి చాపింది. “కోడలితో పాటు నాకూ వేశావుగా సూది. చూడు.”

పులెంగ్ ఆ ముడతల చేతిని బొటనవేలితో తడిమింది. నున్నగా ఉంది. ఎక్కడా ఏమీ తగల్లేదు.

“మీరు అదృష్టవంతులమ్మా. ఏమీ లేదు.”

మాలెబొనా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నర్సు వేలు పట్టుకుని మళ్లీ అక్కడే ఆనించింది.

“ఇంకోసారి సరిగ్గా చూడు తల్లీ. ఆఖరి నెలంతా నా ఒళ్లోనే పడుకున్నాడు. కన్నతల్లిని, నాకు కాస్తయినా మిగల్చకుండా పోతాడా?”