మొగల్తూరు ఉత్తరాలు

"ఉత్తరాల పేజీ అచ్చయిపోయిందాండి?"

గుమ్మంలో నిలబడి అడిగాడా మనిషి. యాభై దాటిన వయసు. చేతిలో ప్లాస్టిక్ కవరు. చెప్పులు బయటే విప్పాడు. పత్రికాఫీసులోకి చెప్పులు విప్పి వచ్చినవాణ్ణి సబ్ ఎడిటర్ హారతి అదే మొదటిసారి చూడటం.

రాజమండ్రిలో 'ఏటిగట్టు' వారపత్రికకు అది ఆఖరి వారం. ఒకవైపు కాగితం ధర, మరోవైపు జనం చేతుల్లో ఫోన్లు కలిసి దాన్ని మూయించాయి. ఎడిటర్ చంద్రరావు చివరి సంపాదకీయంలో అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, కళ్ళు తుడుచుకుని, అప్పుడే కాఫీ అందుకున్నాడు.

"పేజీలన్నీ పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళిపోయాయండి. మీరెవరు?" అంది హారతి.

"లాజరునండి. మొగల్తూరు నుంచి."

చంద్రరావు కప్పు కింద పెట్టేశాడు.

మొగల్తూరు! పదిహేనేళ్ళుగా వారం వారం ఆ ఊరి నుంచి కార్డుల కట్ట వస్తోంది. మొదటి కట్ట విప్పి చూస్తే పేర్లు పద్దెనిమిది, దస్తూరీ ఒక్కటే. దొంగ పేర్లతో తమ కథల్ని తామే మెచ్చుకునే రచయితలు చంద్రరావుకు కొత్త కాదు. అందుకే ఒకే చేతిరాతతో వచ్చిన ఉత్తరాలు వేయకూడదని నియమం పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆ కట్ట విప్పకుండానే చెత్తబుట్టలోకి వెళ్ళేది. ఆఫీసులో దానికి 'మొగల్తూరు ముఠా' అని ముద్దుపేరు కూడా ఉంది.

"ఆ కార్డులన్నీ రాసేది మీరేనా?"

"రాసేది నేనేనండి. కానీ..."

"సంతోషం. ఆఖరి రోజైనా ఒప్పుకున్నారు."

"అది కాదండి, చెప్పేది మాత్రం..."

"ఇంకేంటండీ చెప్పేది? పదిహేనేళ్ళు మమ్మల్ని వెర్రివాళ్ళని చేసింది చాలదా?"

లాజరు ఒక అడుగు ముందుకేశాడు.

"ఆయ్, తప్పయితే నాదేనండి. ఈ ఒక్క వారం వాళ్ళ పేర్లు వేయండి. ఉత్తరాలు వద్దు, పేర్లు చాలు. ఆఖరి పత్రిక కదండి, దాచుకుంటారంట. ఎవరి పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి నేను."

"ఎవరికి చూపిస్తారు? లేని మనుషులకా? అచ్చు కూడా అయిపోయుంటుంది, ఇంక వెళ్ళిరండి."

లాజరు కవరు బల్లమీద పెట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఇన్నేళ్ళు పత్రిక నడిపి మాకు చాలా మేలు చేశారండి."

అతను మెట్లు దిగాక చంద్రరావు, "నటన కూడా బాగానే వచ్చు" అన్నాడు.

హారతి కవరు చెత్తబుట్టలో వేయబోయింది. ఎంతైనా ఆఖరి కట్ట కదా అని ఒక కార్డు తీసి చదివి నవ్వింది. ఇంకోటి తీసింది. మూడో కార్డు దగ్గర నవ్వు ఆగిపోయింది.

"సార్, మన సీరియల్లో సుజాత మొగుణ్ణి క్షమించడం తప్పని రత్నమాణిక్యం అనే ఆవిడ తిడుతోంది. క్షమించాల్సిందే, ఆ రత్నమాణిక్యానికేం తెలుసు, మొగుడితో ఒక్కరోజు సరిగ్గా కాపురం చేసిందా అని చిన్నమ్మాయి అనే ఆవిడ అంటోంది. ఒక్క మనిషే రాస్తే తనతో తనే ఇంత పోట్లాడతాడా?"

"ఇలా ఇవ్వు."

సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర ఉంది. ప్రతి కార్డు కిందా ఉంది. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, కొన్నిటిలో గీతలు అరిగిపోయాయి. పద్దెనిమిదీ వేరువేరు వేళ్ళు. ఈసారే వేయించుకొచ్చాడో, ఎప్పుడూ వేయిస్తూనే ఉన్నాడో. ఆ మొదటిసారి తర్వాత ఏనాడైనా కట్ట విప్పితే కదా తెలిసేది!

చంద్రరావు బల్లకింద విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. లాజరు లేడు. ప్రెస్సుకి ఫోన్ చేశాడు. అచ్చు పూర్తయింది, కట్టలు బస్సులెక్కాయి.

ఆయనకు సిగ్గేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"హారతీ, ఆ ఒక్క పేజీ మళ్ళీ కంపోజ్ చెయ్యమ్మా. పద్దెనిమిది ఉత్తరాలూ పెట్టు, పేర్లు పెద్ద అక్షరాల్లో. ఇరవై కాపీలు చాలు."

ప్రెస్సువాళ్ళు గొణుక్కుంటూనే తీసిచ్చారు.

ఆదివారం చంద్రరావు ఆ కాపీలు పట్టుకుని మొగల్తూరు బస్సు దిగాడు. కార్డుల మీది చిరునామా రొయ్యలు ఒలిచే షెడ్డుది. అన్నాల వేళ. కారియర్లు ముందు పెట్టుకుని ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో ఐసు పెట్టె మీద కూర్చుని లాజరు ఆఖరి సంచిక పైకి చదువుతున్నాడు.

ఎడిటర్ని చూడగానే అతని మొహం పాలిపోయింది. పత్రిక మూసేసి లేచి నిలబడ్డాడు.

"ఎడిటర్ గారు" అన్నాడు మెల్లగా, అందరికీ చెబుతూ.

చంద్రరావు ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ ఇచ్చాడు. పేరు అడిగి, అది అచ్చయిన చోట తన వేలు పెట్టి చూపించాడు. చిన్నమ్మాయి అందరికంటే పెద్దది. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు జోడించాడు.

"క్షమించమ్మా. చాలా ఆలస్యమైంది."

ఆమె అక్షరాల్ని వేలితో తడిమి చూసుకుంది. కళ్ళకద్దుకుంది. తర్వాత నోరారా నవ్వింది.

లాజరు తల ఎత్తలేదు. చిన్నమ్మాయే అంది:

"ఆలస్యమేంటండి బాబూ, ఈ పదిహేనేళ్ళూ ప్రతి ఆదివారం మా పేర్లు, మేమన్న మాటలు పొల్లుపోకుండా మీరు పత్రికలో వేస్తానే ఉన్నారు కదా, ఒక్క వారం కూడా తప్పకుండా మా లాజరు చదివి వినిపిస్తానే ఉన్నాడు!"