రెండు నకళ్లు

"ఒక్కో ఉద్యోగి కార్డు పట్టుకొని, ప్రతిసారి మొత్తం కట్ట తిరగేస్తవా? ఎప్పటికైతది?" అంది విద్యావతి. "నేను నిన్ననే కట్టకు రెండు నకళ్లు తీయించిన. ఒకదాంట్ల మనిషి, రెండోదాంట్ల ఆ మనిషి పై అధికారి. పక్కపక్కన పెడితే అయిపాయె."

"నాకు ఇలాగే బావుంటుందిలే," అంది వరలక్ష్మి.

తమ పై అధికారి కంటే ముందే ఉద్యోగంలో చేరినవాళ్లెవరో తేల్చాలి. నాంపల్లి ఆఫీసులో ఆ పనిని ఇద్దరూ విడివిడిగా చేస్తున్నారు. కాకినాడ నుంచి వచ్చిన వరలక్ష్మికి కార్డుల పని నేర్పింది విద్యావతే.

సాయంత్రానికి వరలక్ష్మికి ఒక్కరూ తేలలేదు. విద్యావతికి ఒక పేరు తేలింది. అది తనదే. పక్కన జతపడిన అధికారి కార్డు వరలక్ష్మిది.

"ఎప్పటి సంది?"

"పోయిన నెల ఆర్డరొచ్చింది. నీకు నేనే చెప్తానని పైవాళ్లతో అన్నాను. నోరు రాలేదు, విద్యా." వరలక్ష్మి ఒళ్లో దాచిన విద్యావతి కార్డు తీసి బల్లమీద పెట్టింది.

"ఒక్కో కార్డు చేతిల పట్టుకొనే చూస్తనన్నది గిందుకా? నెల సంది నా డబ్బాలకెల్లి తినుకుంట గూడ చెప్పలే."



విద్యావతి కట్టలు సర్దింది. తేలిన పేరు రాసిన కాగితం వరలక్ష్మి ముందుకు జరిపి, లేచి నిలబడింది.

"జర సంతకం పెట్టండి, మేడమ్."