కనిపెట్టినవారు

"మళ్ళీ వచ్చాడా?"

రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేయగానే ఆమె ఒంటికాలి మీద లేచింది. మూడు రోజులుగా ఇదే వరస.

కిందికి వెళ్ళేసరికి అతను నిలబడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో పొడుగాటి నోటుపుస్తకం. రక్తనిధి నుంచి వచ్చానంటాడు. ఆడిట్ మనిషని ఆమె మొదటిరోజే తేల్చేసింది.

రక్తం నిల్వచేసే ఫ్రిజ్‌లో వేడి ఎంతో, గదిలో ఎంతో కొలిచే పెట్టె ఆమె కంపెనీదే. తీగల్లో వచ్చే వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్ అందులో ఉంటుంది. ఆ చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామును, అదే డ్రైవర్‌ను, పెట్టెను నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన కెర్నెల్‌లో రాసింది ఆమె. ఏడాది కష్టం. దాన్నేమన్నా అంటే కన్నబిడ్డను అన్నట్టే ఉంటుంది ఆమెకు.

"మీ పెట్టె అబద్ధం చెబుతోందమ్మా. ఫ్రిజ్ చల్లగానే ఉంటే వేడెక్కిందని మోగుతోంది. అదీ మధ్యాహ్నాలే."

"మీకెలా తెలుసు?"

"లోపల మామూలు థర్మామీటర్ పెట్టి, పావుగంటకోసారి రెండూ రాశాను. నలభై పేజీలు."

"చేత్తోనా?" ఆమెకు నవ్వు కూడా కోపంగానే వచ్చింది. "మధ్యాహ్నం ఆ తలుపు ఎవరు తీస్తున్నారో ముందది చూడండి."

"ఎవరూ తియ్యలేదమ్మా. గది ఎంత వేడెక్కితే..."

"చిప్పుల గురించి నాకు పాఠం చెబుతారా?"

"అయ్యో, నేనెంతటివాణ్ణి! ఒక్కసారి చూడండి. నా..."

"తప్పులు వెతికితే మీకు జీతమిస్తారేమో. నాకు పనిచేస్తేనే ఇస్తారు. ఇక దయచేయండి."

 అతను పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మంట చల్లారకముందే ఆమె రక్తనిధి పంపిన ఫిర్యాదుకు జవాబు రాసి పడేసింది.

"పరికరం సరిగానే ఉంది. చూసుకునే మనిషే సరిగా లేడు."

రాసింది చదువుకుని మురిసిపోయింది కూడా.

రెండు నెలలు తిరిగేసరికి మరో నాలుగు ఆసుపత్రుల నుంచి అదే ఫిర్యాదు. మేనేజర్ ఆమె మీద నిప్పులు చెరిగాడు. దిక్కుతోచక, ఆరోజు సొరుగులో పడేసిన ఆ పుస్తకం తీసింది.

మొదటి పేజీలోనే ఉంది. "గది 34. ఫ్రిజ్ 4. పెట్టె 7. గదిని కొలిచిన వెంటనే ఫ్రిజ్‌ను కొలుస్తోంది. గది వేడి కాస్త అంటుకొస్తోందా?"

అంటుకొస్తోంది. చిప్ ఒక తీగ నుంచి ఇంకో తీగకు మారినప్పుడు పాత వోల్టేజీ కొంచెం మిగిలిపోతుంది. మొదటి అంకెను పారేసి రెండోది తీసుకోవాలి. ఆ పని ఆమె డ్రైవర్ చేయడం లేదు.

ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. పది నిమిషాల్లో సరిచేసింది. అది పదినిమిషాల పనే అయినందుకు ఇంకా మండింది.

కెర్నెల్‌లో తప్పు దిద్దితే, దాన్ని పట్టుకున్న మనిషి పేరు ఆ మార్పు కింద రాయాలి. ఆ పేరు ఎప్పటికీ ఉంటుంది.

"కనిపెట్టినవారు:" అని కొట్టి ఆగిపోయింది. మూడు రోజులు తిరిగిన మనిషిని ఆమె పేరైనా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే రక్తనిధికి వెళ్ళి అక్కడి డాక్టర్ని కలిసింది.

"మీ ఆడిట్ ఆయన పేరు కావాలి డాక్టర్‌గారూ. పొడుగాటి నోటుపుస్తకం పట్టుకుని తిరుగుతారు, ఆయన."

"ఆడిట్టా?" డాక్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరు ఆ పెట్టెల కంపెనీ నుంచా?"

"అవునండీ. ఆయన్ని కలవాలి. క్షమాపణ చెప్పుకోవాలి."

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో మాకు తెలీదు." డాక్టరు గొంతు కరుకుగా మారింది. "ఆయన వెళ్ళినా మీ పెట్టె మాత్రం మధ్యాహ్నాలు మోగుతూనే ఉంది."

"పోనీ, పేరైనా చెప్పండి."

డాక్టరు ఫైల్లోంచి ఒక కాగితం లాగి ఆమె ముందుకు తోశాడు.

అది మధ్యాహ్నం డ్యూటీలో ఫ్రిజ్ చూసుకునే టెక్నీషియన్‌ను ఉద్యోగం నుంచి తీసేసిన ఉత్తర్వు. మొదటి పంక్తిలో అతని పేరు, దాని కింద కారణంగా ఆమె రాసిన వాక్యం ఉన్నాయి.