టెస్టుకు పనికిరాని ఆవిడ

“ఈసారి సీటు రాకపోతే బ్యాంకు కోచింగే. ఇంకో మాట లేదు,” అన్నాడు తండ్రి ఢిల్లీ ద్వారక నుంచి ఫోన్లో.

“అలాగే నాన్నా.”

హారిక ఫోన్ పెట్టేసింది. గ్రేటర్ నోయిడాలోని ఆ కిటికీ లేని ల్యాబ్‌లో ఆమెకు ఊపిరాడనట్టుంది. మెదడు మీద పీహెచ్‌డీ చేయాలని డిగ్రీలో చేరిన రోజు నుంచీ కల. దరఖాస్తుకు ఇవాళే ఆఖరు. ప్రాజెక్టుకు కావలసిన మెదడు సిగ్నళ్ల రికార్డింగులన్నీ పూర్తయితేనే రికమండేషన్ లెటర్ అని ల్యాబ్ హెడ్ వైశాలి మేడమ్ తెగేసి చెప్పింది. ఇంకా ఒక్క మనిషి తక్కువ. ఎవరినో ఒకరిని పంపుతానని మేడమే అంది కానీ, ఇంతవరకు ఎవరూ రాలేదు.

తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది.

“తెలుగమ్మాయివా! ఫోన్లో నీ మాట బయటికి వినబడింది. మేడమ్ రమ్మన్నారమ్మా.”

“మేడమ్ మీటింగులో ఉన్నారు. టెస్టు చేసేది నేనే. కూర్చోండి ఆంటీ.”

ఆవిడ ఏదో చెప్పబోయింది. హారిక అప్పటికే వైర్ల టోపీ తెచ్చి, ఆవిడ జుట్టు మీద చెయ్యి వేసింది. చెయ్యంతా జిడ్డు.

“నూనె రాసుకొచ్చారా? తలస్నానం చేసి రమ్మని అందరికీ ముందే చెప్తాం కదా! నూనె ఉంటే సిగ్నల్ సరిగ్గా రాదు.”

“నాకెవరూ చెప్పలేదమ్మా. నేను వచ్చింది...”

“ఆంటీ, ప్లీజ్! నా లైఫంతా ఇవాళ్టితో తేలిపోవాలి. మీరు పనికిరారు. వెళ్లండి.”

ఆవిడ కోపం తెచ్చుకోలేదు.

“ఏమైనా తిన్నావా తల్లీ?”

హారిక తలుపు తెరిచి పట్టుకుంది. ఆవిడ చీర చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

హారిక హాస్టల్‌కు పరుగెత్తి, జూనియర్ అక్షరను బతిమాలి తడి తలతోనే లాక్కొచ్చింది. రికార్డింగ్ పూర్తయ్యాక గాని ఆమె ప్రాణం కుదుటపడలేదు.

సాయంత్రం మేడమ్ వచ్చింది.

“లెటర్ పంపేశాను. అచ్ఛా, హైమవతి జీ వచ్చారా?”

“నూనె తలతో ఒక ఆంటీ వచ్చారు మేడమ్. టెస్టుకు పనికిరారని పంపేశాను.”

మేడమ్ కుర్చీలో కూలబడింది.

“ఫోన్ చేస్తాను మేడమ్. రేపు రమ్మంటాను.”

“ఫోన్ ఆవిడ కొడుకు ఎత్తుతాడు. అతనికిది ఇష్టం లేదు. అతను ఆఫీసుకెళ్లిన వేళ చూసుకుని ఇందిరాపురం నుంచి ఒక్కరే వచ్చారు. రేపు పొద్దున్నే అతనితో పుణె వెళ్లిపోతున్నారు.”



“ఏది ఇష్టం లేదు మేడమ్?”

“వాళ్లమ్మ, ఇద్దరు అక్కలు యాభై దాటకుండానే కన్నపిల్లల్ని కూడా మరిచిపోయి చనిపోయారు. ఆ జబ్బు జన్యువు తనలోనూ ఉన్నా, ఆ ఇంట్లో ఈవిడ ఒక్కరికే ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో కనిపెట్టి మనవరాళ్లను కాపాడమని, తాను పోయాక తన మెదడును మన ల్యాబ్‌కు ఇస్తూ సంతకం చేయడానికి వచ్చారు హారికా.”